కాజీపేటలో రైలెక్కిన అక్కకు

పోయిన మంగళవారం కాజీపేటలో రైలెక్కి నా ఎదురుగా కూర్చున్న అక్కా, మీ పేరు కూడా అడగలేదు. నా ఫైలు చూసి ‘ఇంటర్వ్యూకా?’ అన్నారు. ‘మీ గురించి చెప్పండి’ అని మీరు అడిగితే ఊరు, నాన్న ఉద్యోగం, టెన్త్ మార్కులు మొదలుపెట్టాను. అవన్నీ రెజ్యూమెలో ఉంటాయి, చేసిన ఒక పని చెప్పమన్నారు: సమస్య ఏంటి, నువ్వేం చేశావు, చివరికి ఏమైంది. హన్మకొండలో మెడికల్ షాపు స్టాకు లెక్కలు ఎక్సెల్‌లోకి ఎక్కించిన సంగతిని జనగామ నుంచి భువనగిరి దాకా మళ్లీ మళ్లీ చెప్పించారు. (పక్క సీటు పెద్దాయనకు కూడా కంఠతా వచ్చేసి ఉంటుంది.) ఇంగ్లీషు తడబడితే చిన్న వాక్యాలు చాలన్నారు.

ఇంటర్వ్యూలో అదే ప్రశ్న వచ్చింది. టెన్షన్ లేకుండా చెప్పాను. చివర్లో, మీరన్నట్టే, మొదటి మూడు నెలల్లో నా పని ఏమిటని నేనే అడిగితే మేనేజర్ చాలాసేపు వివరించారు. ఫలితం ఇంకా రాలేదు. మీకు థాంక్స్ చెప్పడానికి అది వచ్చేదాకా ఆగాలనిపించలేదు.