ఆ డ్యాన్స్ పాట క్రాంప్స్‌ది

సంపాదకుడు గారికి నమస్కారం.

నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘వెడ్‌నెస్‌డే’ సిరీస్‌లో నటి జెన్నా ఒర్టెగా డ్యాన్స్ గురించి మీ యువత పేజీలో రాసినప్పుడు, ఆ పాట లేడీ గాగాదని వేశారు. చాలామంది అలాగే అనుకుంటున్నారు. ఎందుకంటే రీల్స్‌లో అభిమానులు ఆ దృశ్యానికి గాగా పాడిన ‘బ్లడీ మేరీ’ తగిలించారు. 2022 నవంబరులో వచ్చిన ఆ సిరీస్‌లో, నాలుగో ఎపిసోడ్‌లో నిజంగా వినిపించేది ‘గూ గూ మక్’. 1981లో దాన్ని రికార్డు చేసింది ద క్రాంప్స్ అనే అమెరికన్ బ్యాండ్. వాళ్ల పేరు ఎక్కడా రాకపోవడం నాకు చాలా కష్టంగా అనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ బ్యాండ్‌కి ప్రాణం ఇద్దరు. పాడేది లక్స్ ఇంటీరియర్, గిటార్ పాయిజన్ ఐవీ. 1972లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో కలిశారు, చివరిదాకా కలిసే బతికారు. లక్స్ పెరిగింది ఒహాయోలో. అరవైలలో అక్కడి టీవీలో గూలార్డీ అనే వేషంలో ఒకాయన అర్ధరాత్రి దయ్యాల సినిమాలు వేసి, మధ్యమధ్యలో వాటిని ఆటపట్టించేవాడు. 1990లో క్రాంప్స్ తమ ఆల్బమ్‌కి ‘స్టే సిక్’ అని పెట్టుకున్నది ఆయన ఊతపదమే. ఆ హారర్ పిచ్చికి యాభైల నాటి రాకబిల్లీని (తొలినాటి రాక్, కంట్రీ పాటల కలగలుపు), దూకుడుగా సాగే పంక్ రాక్ వేగాన్ని కలిపి 1976లో న్యూయార్క్ సీబీజీబీ క్లబ్‌లో వేదిక ఎక్కారు. రాక్ బ్యాండ్లలో మామూలుగా ఉండే బేస్ గిటారే తొలి ఏళ్లలో లేదు. రెండు గిటార్లు, డ్రమ్స్, అంతే. లక్స్ వేదిక మీద పొర్లుతుంటే అందరి కళ్లూ అతని మీదే ఉండేవి గానీ, ఆ పాటల నడకంతా ఐవీ చేతుల్లో ఉంది. ఆమెకి రావాల్సినంత పేరు రాలేదని నా అభిప్రాయం.

1978 జూన్‌లో వీళ్లు కాలిఫోర్నియాలోని నాపా ప్రభుత్వ మానసిక వైద్యశాలలో రోగుల కోసం ఉచితంగా వాయించారు. ఆ బ్లాక్ అండ్ వైట్ వీడియో ఇప్పటికీ దొరుకుతుంది. రోగులు గంతులేస్తూ బ్యాండ్ మధ్యకి వచ్చేస్తారు, మైకు అందుకుని అరుస్తారు. ఎవరూ వాళ్లని తోసెయ్యరు. మీకు మతి లేదని నాతో ఎవరో అన్నారు, నాకైతే మీరు బాగానే కనిపిస్తున్నారు అని లక్స్ వాళ్లతో అంటాడు. అవతలివాళ్లని తక్కువ చేయకుండా వాయించడం ఎలా ఉంటుందో అక్కడ చూడొచ్చు.

అసలు ‘గూ గూ మక్’ కూడా వాళ్లు కట్టిన పాట కాదు. 1962లో రానీ కుక్ అండ్ ద గేలాడ్స్ పాడారు, తర్వాత జనం మర్చిపోయారు. లక్స్, ఐవీ పాత రికార్డులు వెతికి కొనేవాళ్లు. ఎవరికీ పట్టని అలాంటి పాటల్ని మళ్లీ పాడి, వాటి గురించి ఇంటర్వ్యూల్లో ఇష్టంగా చెప్పేవాళ్లు. దాంతో అభిమానులు ఒరిజినల్స్ కోసం ఎగబడ్డారు. ఎంతగా అంటే, క్రాంప్స్ పాడిన పాటల ఒరిజినల్స్‌ని ఏరి వేసిన ఆల్బమ్‌లు వరసగా వచ్చాయి. పాతవాళ్ల పాటలకి ఇంత చేసిన బ్యాండ్ పేరే మనం వదిలేస్తే ఎలా?

లక్స్ 2009 ఫిబ్రవరి 4న గుండె దగ్గరి రక్తనాళం చిట్లి చనిపోయాడు, అప్పటికి 62 ఏళ్లు. బ్యాండ్ అంతటితో ఆగిపోయింది. సిరీస్ వచ్చాక వారం తిరక్కుండా ఆ పాట వినేవాళ్లు ఎన్నో రెట్లు పెరిగారు, అది అతను చూడలేదు.

దయచేసి ఒక సవరణ వేయండి. అందులో క్రాంప్స్ పేరుతో పాటు రానీ కుక్ పేరూ ఉండాలి. ఇకమీదట వైరల్ అయిన ఏ పాట గురించి రాసినా, రీల్ కింద కనిపించే పేరుతో సరిపెట్టకుండా సినిమాలోనో సిరీస్‌లోనో చివరి టైటిల్స్ చూసి రాయమని మీ విలేకరులకు చెప్పండి. రెండు నిమిషాల పని.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విజయవాడ