ఆర్డీఓ గారికి, మా పెద్దమ్మ వాయిదాల గురించి

ఆర్డీఓ గారికి నమస్కారాలు.

మా పెద్దమ్మకు 74 ఏళ్లు. మూడేళ్ల క్రితం ఉన్న ఒక్క ఇంటినీ కొడుకు పేర గిఫ్ట్ డీడ్ రాసిచ్చింది. కడదాకా చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే ఉంది. ఏడాది తిరక్కుండానే ఆమె సామాన్లు వరండాలోకి వచ్చాయి. ఇప్పుడు మా ఇంట్లో ఉంటోంది.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద మీ ట్రిబ్యునల్లో అర్జీ పెట్టాం. ఎదుటివారికి నోటీసు అందాక 90 రోజుల్లో పోషణ ఖర్చు సంగతి తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30 రోజులు. మాకు పదో నెల నడుస్తోంది. వాయిదాకు వెళ్తే సార్ మీటింగులో ఉన్నారంటారు. ఎన్నికలు, వరదలు, భూముల గొడవలు అన్నీ మీ నెత్తినే ఉంటాయని తెలుసు. కానీ వాయిదా మారిందని ముందురోజు ఒక్క ఫోన్ చేయిస్తే, మోకాళ్ల నొప్పులతో రెండు బస్సులు మారి ఆమె రానక్కర్లేదు కదా!

షరతు తప్పితే ఆ డీడ్ చెల్లదని ప్రకటించే అధికారం 23వ సెక్షన్ మీకిచ్చింది. రిజిస్ట్రేషన్ అయ్యాక ఇక చేసేదేం లేదని మొదట మేమూ అనుకున్నాం. పెద్దమ్మ అడిగేది మాత్రం అంత కూడా కాదు. "వాణ్ణి ఏమీ అనొద్దు, నా గది నాకిప్పించమను" అంటుంది. వచ్చే వాయిదాకైనా ఆ మాట మీరు స్వయంగా వినండి.

ఇట్లు,
ఆమె చెల్లెలి కొడుకు