పీవీసీ లేదని అమ్మిన ఆల్బమ్ షీట్లలో చెరిగిపోయిన తపాలా ముద్రల గురించి ఫిర్యాదు

అమలాపురం,
డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా,
18 ఆగస్టు 2025.

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: 2023 అక్టోబరులో మీ సంస్థ వద్ద కొన్న ఆల్బమ్ షీట్ల వల్ల నా తపాలా కవర్లకు జరిగిన నష్టం, ఇదివరకు మీరు ఇచ్చిన రెండు జవాబులపై నా అభ్యంతరం.

అయ్యా,

తపాలా కవర్లు దాచుకునే పారదర్శకపు ప్లాస్టిక్ షీట్లను 2023 అక్టోబరులో మీ సంస్థ నుంచి 10 ప్యాకెట్లు తెప్పించుకున్నాను. ప్యాకెట్టుకు 25 షీట్ల చొప్పున మొత్తం 250 షీట్లకు 4,800 రూపాయలు చెల్లించాను. బిల్లు నకలు ఈ లేఖతో జతపరిచాను. ప్రతి ప్యాకెట్టు మీదా పీవీసీ (క్లోరిన్ కలిసిన ఒక రకం ప్లాస్టిక్) లేదనీ, ఆమ్లం లేదనీ, విలువైన కాగితాలను దీర్ఘకాలం దాచుకోవడానికి తగినదనీ పెద్ద అక్షరాలతో అచ్చు వేసి ఉంది. మార్కెట్లో సగం ధరకే దొరికే షీట్లను కాదని మీవి కొన్నది ఆ మొదటి మాటను నమ్మే.

నేను 1984 నుంచి తేదీ ముద్రలున్న కవర్లు సేకరిస్తున్నాను. జూన్ నెలలో నేను ఫోను చేసినప్పుడు మీ ప్రతినిధి, "అవే స్టాంపులు మళ్ళీ కొనుక్కోవచ్చు కదండీ" అన్నారు. ఆయన మర్యాదగానే మాట్లాడారు, కానీ ఏం పోయిందో ఆయనకు అర్థం కాలేదు. స్టాంపు లక్షల్లో అచ్చవుతుంది కనుక ఒకటి పాడైతే డబ్బు పెట్టి మరొకటి తెచ్చుకోవచ్చు. దాని మీద పడే ముద్ర సంగతి వేరు. ఫలానా ఊరి తపాలా కార్యాలయంలో ఫలానా రోజున ఒక ఉద్యోగి చేతి మీదుగా పడిన గుర్తు అది. మర్నాడు పొద్దున్నే ముద్రలో తేదీ అంకెలు మార్చేశాక దాన్ని తిరిగి వేయడం ఎవరి తరమూ కాదు. అసలు ఉత్తరాల మీద తేదీ ముద్ర వేయడమన్నది 1661లో లండన్‌లో పోస్టుమాస్టర్ జనరల్ హెన్రీ బిషప్ మొదలుపెట్టినదే ఉత్తరాలు ఆలస్యమవుతున్నాయన్న ఫిర్యాదుల మీద. ఉత్తరం ఏ రోజున కార్యాలయానికి చేరిందో ఆ ఉత్తరం మీదే కనిపిస్తూ ఉంటే, దాన్ని దారిలో ఆపి కూర్చునే ధైర్యం బట్వాడా చేసేవాడికి ఉండదని ఆయన తలచాడు. ఆ తొలి ముద్రలో నెల, తేదీ తప్ప సంవత్సరం ఉండేది కాదు. సాక్ష్యం కోసం పుట్టిన ముద్ర అది, ఈనాటికీ దాని విలువ సాక్ష్యంగానే.

అంకెలు వరసగా కలిసివచ్చే తేదీల కోసం సేకర్తలు ఎంత కాచుకుని ఉంటారో కూడా మీరు తెలుసుకోవాలి. నా దగ్గర జపాన్ నుంచి వచ్చిన కవరు మీద 22-2-22 అన్న ముద్ర ఉంది. చూడగానే 2022 అనుకుంటారు గానీ, అది వారి చక్రవర్తి పాలనను బట్టి లెక్కించే హెయ్‌సెయ్ శకం 22వ సంవత్సరం, మన లెక్కలో 2010 ఫిబ్రవరి 22. తైవాన్ కవరు మీద 100-10-10 అని ఉంటే అది 2011 అక్టోబరు 10, ఎందుకంటే వారి సంవత్సరాల లెక్క 1912తో మొదలవుతుంది. ఇటువంటి రోజు రాబోతున్నదంటే నెలల ముందే అక్కడి కలం స్నేహితులకు రాసి, నా చిరునామా రాసిన కవర్లు పంపి, ముద్ర స్టాంపు మీద సగమూ కాగితం మీద సగమూ పడేలా వేయించమని ప్రాధేయపడి, ఆ తరువాత పోస్టుమ్యాన్ సైకిలు గంట కోసం వారాల తరబడి ఎదురుచూసి సంపాదించినవి ఇవి.

ఇక జరిగినది చెబుతాను. 2023 దీపావళి సెలవుల్లో 412 కవర్లను మీ షీట్లలోకి మార్చి, మేడ మీద గదిలోని ఇనుప బీరువాలో నిలువుగా పెట్టాను. ఈ ఏడాది మే నెలాఖరున, రోహిణి కార్తె ఎండలకు ఊరంతా ఉడికిపోతున్న రోజుల్లో బీరువా తెరిస్తే, కొత్త రెయిన్‌కోటు మడత విప్పినప్పుడు వచ్చే వాసన గుప్పున కొట్టింది. షీట్లను వేలితో తాకితే నూనె చేతితో ముట్టుకున్న గాజుగ్లాసులా జిడ్డుగా ఉన్నాయి. మొదటి అరలోంచి కవరు బయటికి లాగబోతే అది కదల్లేదు. అంచు పట్టుకుని మెల్లగా లాగినకొద్దీ, కట్టు విప్పేటప్పుడు పుండుకు అంటుకున్న గుడ్డలా, చిరచిరమంటూ ఊడివచ్చింది. ముద్రలోని సిరా మాత్రం రాలేదు. అది ప్లాస్టిక్ లోపలి వైపున తలకిందుల అక్షరాలతో అతుక్కుని ఉండిపోయింది.

అన్నీ తీసి లెక్క చూడగా 63 కవర్లు ఈ విధంగా దెబ్బతిన్నాయి. నలుపు నూనె సిరాతో వేసిన పాత ముద్రలు చాలావరకు నిలదొక్కుకున్నాయి. ఊదా, నీలం, ఎరుపు రంగు సిరాలతో వేసినవే ఎక్కువగా పోయాయి. జపాన్ తపాలా కార్యాలయాల్లో ఆయా ఊళ్ళ కొండలు, గుళ్ళు, వంతెనల బొమ్మలతో ఎర్రని గోధుమ రంగు సిరాలో అందమైన ముద్రలు వేస్తారు. 22-2-22 నాటి ముద్ర అటువంటిదే. ఇప్పుడది తమలపాకు నమిలి ఉమ్మిన మరకలా ఉంది. అంటార్కిటికాలో మన దేశపు దక్షిణ గంగోత్రి పరిశోధన స్థావరంలో 1984లో తెరిచిన తపాలా కార్యాలయం నుంచి వచ్చిన కవరు మీద నీలి రంగు చిత్రముద్ర చుట్టూ గోరంత వెడల్పున నీడ పరుచుకుంది. ఆ స్థావరం మంచులో కూరుకుపోయి మూతపడింది కనుక ఆ ముద్ర ఇక దొరికేది కాదు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టినది మా తాతగారి కాలం నాటి యానాం కవరు. మా ఎదుర్లంక రేవులో నిలబడి చూస్తే గౌతమికి అవతలి ఒడ్డున యానాం కనిపిస్తుంది. అయినా 1954 జూన్ వరకు అక్కడి పరిపాలన ఫ్రెంచివారిది కనుక, ఆ ఏటిని దాటి వచ్చిన ఉత్తరం పరదేశపు ఉత్తరమే. మా తాతగారి బావమరిది అక్కడ బట్టల దుకాణం నడిపేవారు. ఆయన రాసిన ఉత్తరం మీద, రూపాయికి ఎనిమిది ఫనాంల లెక్కన విలువ వేసిన ఫ్రెంచి ఇండియా స్టాంపు, దాని మీద 1954 మార్చి నాటి ఊదారంగు ముద్ర ఉన్నాయి. ఫ్రెంచి తపాలా యానాం నుంచి శాశ్వతంగా వెళ్ళిపోవడానికి కొద్ది నెలల ముందటి ముద్ర కావడమే ఆ కవరు ప్రత్యేకత. ఇప్పుడు దానిలో సంవత్సరపు చివరి అంకె లేదు. అది 4 అని నాకు తెలుసు, మా ఇంట్లో వారికి తెలుసు. రేపు దీన్ని ప్రదర్శనలో పెడితే న్యాయనిర్ణేతకు ఎలా తెలుస్తుంది? ఆ 4 మీ షీటు మీద ఉంది. అద్దానికి ఎదురుగా పెడితే ఇప్పటికీ చదవవచ్చు. వేలు తగిలితే చెరిగిపోతుందని ఆ షీటును విడిగా ఒక అట్టపెట్టెలో పెట్టి ఉంచాను.

1996 నవంబరులో మా నాన్నగారు నాకు హైదరాబాదుకు రాసిన ఉత్తరం కూడా వీటిలో ఉంది. 4వ తేదీన అమలాపురంలో ముద్ర పడింది. 6వ తేదీ రాత్రి కోనసీమను తుఫాను ఊడ్చిపెట్టేసింది. నా చేతికి అందిన నాటి డెలివరీ ముద్ర 20వ తేదీది. కొబ్బరిచెట్లు పడి రోడ్లు మూసుకుపోయిన ఆ పదహారు రోజులూ ఆ రెండు ముద్రల మధ్య ఉన్నాయి. వాన నీటికి తడిసి కాగితం ముడతలు పడ్డా అప్పట్లో ముద్రలు చెక్కుచెదరలేదు. డెలివరీ ముద్ర ఇప్పుడు అలుక్కుపోయింది.

ఇది మీ షీట్ల వల్లే జరిగిందనడానికి ఆధారం ఏమిటని మీరు అడగవచ్చు. కాకినాడలో రసాయనశాస్త్రం బోధించే మా మేనల్లుడు జూన్ 8న వచ్చి, నా కళ్ళ ముందే పెరట్లో ఒక పరీక్ష చేశాడు. రాగి తీగను మంటలో ఎర్రగా కాల్చి, మంటకు వేరే రంగేదీ రావడం లేదని నిర్ధారించుకున్న తరువాత, ఆ వేడి తీగను వాడని మీ షీటు ముక్కకు అద్ది మళ్ళీ మంటలో పెట్టాడు. మంట ఆకుపచ్చగా లేచింది. "మావయ్యా, ఇందులో క్లోరిన్ ఉంది. పీవీసీ లేదని రాశారంటే అబద్ధం రాశారన్నమాట" అన్నాడు. నేను పదిహేనేళ్ళుగా వాడుతున్న పాలియెస్టర్ తొడుగు ముక్కతో అదే పరీక్ష చేస్తే మంట రంగు మారలేదు. దీన్ని బైల్‌స్టీన్ పరీక్ష అంటారనీ, కళాశాల ప్రయోగశాలల్లో విద్యార్థుల చేత చేయించేదేననీ అతడు చెప్పాడు. పీవీసీ స్వతహాగా గట్టి పదార్థం. దాన్ని మెత్తగా వంగేలా చేయడానికి ప్లాస్టిసైజర్లనే నూనె వంటి ద్రవాలు కలుపుతారు. అవి పీవీసీతో రసాయనికంగా కలిసిపోకుండా ఊరికే ఇమిడి ఉంటాయి కనుక, వేడి తగిలితే మెల్లగా పైకి ఊరి, తమకు ఆనుకున్న సిరాను కరిగించి తమలోకి లాక్కుంటాయి. వాసన, జిడ్డు, అతుక్కుపోవడం, తలకిందుల అక్షరాలు, ఈ నాలుగూ దానికి సరిపోతున్నాయి.

మీ మొదటి జవాబు, సరుకు అందిన 7 రోజుల్లోగా లోపం తెలియజేయాలన్నది. దీర్ఘకాలం దాచుకోవడానికని అమ్మిన వస్తువులోని లోపం వారం రోజుల్లో బయటపడుతుందా అన్నది మీరే ఆలోచించండి. రెండవ జవాబులో, కోస్తా ప్రాంతపు తేమ వల్ల ఇలా జరిగి ఉంటుందని రాశారు. గోదావరి డెల్టాలో పుట్టి, కాలువ గట్టు మీది ఇంట్లో పెరిగినవాడికి తేమ ఏం చేస్తుందో ఒకరు చెప్పనక్కరలేదు. తేమకు బూజు పడుతుంది, కాగితం మీద తుప్పు రంగు చుక్కలు వస్తాయి, వాడని స్టాంపుల జిగురు కరిగి వెనుక కాగితానికి అంటుకుంటుంది. నా కవర్ల మీద ఇవేవీ లేవు. అంతేకాక, అదే బీరువాలో, అదే అరలో, మీ షీట్ల పక్కనే బటర్ పేపరు సంచుల్లోనూ పాత పాలియెస్టర్ తొడుగుల్లోనూ ఉన్న దాదాపు 200 కవర్లలో ఒక్కదానికీ ఏమీ కాలేదు. అదే ఎండ, అదే తేమ, అదే ఇల్లు. మారినది మీ షీటు ఒక్కటే.

నేను కోరేది స్పష్టంగా రాస్తున్నాను. ఈ షీట్లు ఏ పదార్థంతో తయారయ్యాయో, ఏ పరీక్ష ఆధారంగా పీవీసీ లేదని అచ్చు వేశారో బాధ్యతగల అధికారి సంతకంతో నాకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఈ రకం షీట్లు కొన్నవారందరి చిరునామాలు మీ దగ్గర ఉంటాయి కనుక, వెంటనే కవర్లు బయటికి తీసుకోమని వారికి సమాచారం పంపాలి. ఇది నా డబ్బు కంటే ముఖ్యమైనది. నాలాంటివారు తాతల నాటి ఉత్తరాలు, పెళ్ళి శుభలేఖలు వీటిలో పెట్టుకుని నిశ్చింతగా ఉండి ఉంటారు, మరొక వేసవి గడిస్తే వారికీ ఇదే గతి పడుతుంది. ప్యాకెట్టు మీది మాట సరిదిద్దేవరకు అమ్మకం ఆపాలి. షీట్ల వెల 4,800 రూపాయలతో పాటు, 63 కవర్లను పాత కాగితాల సంరక్షణ తెలిసిన నిపుణుడికి చూపించి, నిలబెట్టగలిగినవాటిని నిలబెట్టడానికయ్యే ఖర్చు, పూర్తిగా పోయినవాటికి తగిన పరిహారం ఇవ్వాలి. పోయిన తేదీలకు వెల కట్టడం నాకూ చేతకాదు, కాబట్టి ఆ లెక్క నిపుణుడి అంచనా మీదే ఉంచుతున్నాను.

15 రోజుల్లో సమాధానం రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం నా నివాస ప్రాంతం పరిధిలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేస్తాను. తప్పుదోవ పట్టించే ప్రకటన విషయాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ దృష్టికి కూడా తీసుకువెళతాను. నేను వ్యాజ్యాలు ఇష్టపడే మనిషిని కాను. నలభై ఏళ్ళ శ్రమను ఏడు రోజుల నిబంధన చూపి కొట్టివేయడాన్ని మాత్రం ఊరుకోలేను.

దెబ్బతిన్న కవర్ల ఫోటోలు 63, మీరు పంపిన రెండు జవాబుల నకళ్ళు, మీరే పరీక్ష చేయించుకునేందుకు వాడని షీటు ఒకటి జతపరుస్తున్నాను. యానాం కవరు తాలూకు షీటును మాత్రం నా చేతుల మీదుగా తప్ప బయటికి పంపను. మీ మనిషి వస్తే ఇంట్లోనే అద్దం పెట్టి చూపిస్తాను.

ఈ లేఖను రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. రిజిస్టర్డ్ పోస్టు త్వరలో స్పీడ్ పోస్టులో కలిసిపోతున్నది కనుక, ఈ పద్ధతిలో నేను పంపే ఆఖరి ఉత్తరాల్లో ఇదొకటి. తేదీ చక్కగా చదవడానికి వీలుగా ముద్ర వేయమని మా పోస్టుమాస్టరు గారిని అడిగి, కౌంటరు దగ్గర నిలబడి వేయిస్తాను. పైన చెప్పిన 15 రోజులూ కవరు మీది ఆ తేదీ నుంచే లెక్కించగలరు.

ఇట్లు,
భవదీయుడు,
(సంతకం)