గోదావరి గట్టుకు నీడ కావాలి: మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు నమస్కారములు.

మా గోదావరి తీరాన్ని పర్యాటకుల కోసం తీర్చిదిద్దే అఖండ గోదావరి పథకం గురించి తమకు నేను విన్నవించవలసింది ఏమీ లేదు. 2025 జూన్‌లో దానికి శంకుస్థాపన జరిగిన నాడు రాజమహేంద్రవరం ప్రజలతోపాటు నేనూ సంతోషించాను. నేను రాస్తున్నది ఒక్క విషయం గురించే. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి పుష్కర ఘాట్ మీదుగా కోటిలింగాల రేవు దాకా, గోదావరి గట్టు వెంబడి వేసవిలో మనిషి నడవలేకపోతున్నాడు. ఈ సంగతి తెలుపుతూ సంబంధిత కార్యాలయానికి మేము పలుమార్లు అర్జీలు పెట్టుకున్నాము. రసీదులు వచ్చాయి గాని జవాబు రాలేదు.

కాటన్ దొర 1852 నాటికి పూర్తిచేయించిన ఆనకట్ట ఉన్న చోటు, 1900లో రైళ్ళు మొదలై 1997లో ఆగిపోయిన హేవలాక్ వంతెన, దాని పక్కనే కమానుల వంతెన, ఆపైన రోడ్డు కం రైలు వంతెన, నడుమ స్నానఘట్టాలు, గుళ్ళు: ఇన్నింటిని ఒక్క నడకలో చూపగల నగరం మన రాష్ట్రంలో మరొకటి లేదని నా నమ్మకం. పొరుగూరి నుంచి వచ్చిన చుట్టాలను, సెలవులకు వచ్చిన పిల్లలను ఈ దారిన తీసుకువెళ్ళాలని మాలో ఎంతోమందికి ఆశ. సెలవులు వచ్చేది వేసవిలోనే, గట్టు కొలిమిలా మారేదీ వేసవిలోనే.

మా ఊరు నదికి తూర్పు ఒడ్డున ఉంది. అందువల్ల ఉదయం కాసేపు ఇళ్ళ నీడ గట్టుమీద పడుతుంది. ఎండ పైకెక్కిన కొద్దీ అది కాస్తా తొలగిపోతుంది. మధ్యాహ్నం దాటాక సూర్యుడు నది వైపు నుంచి నేరుగా ముఖంమీద కొడతాడు, నీటిమీద పడిన వెలుగు కింది నుంచి కళ్ళలో గుచ్చుతుంది, పొద్దంతా కాగిన బండలు, సిమెంటు పగలు మింగిన వేడిని చీకటి పడ్డాక కూడా వదులుతూనే ఉంటాయి. ఇది పొడి వేడి కూడా కాదు. ఉక్కపోతలో చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. కాబట్టి నీడ లేని చోట ఒక పెద్దాయన తడబడి కూర్చున్నాడంటే అది అలసట కాదు, వడదెబ్బకు తొలి మెట్టు.

నడక కోసం వచ్చేవారు ఇంట్లో ఉండిపోగలరు. కాని పెద్దల అస్థికలు కలపడానికి, పిండప్రదానం చేయడానికి వచ్చేవారు ఎండ చూసుకొని రాలేరు కదా? వారు చెప్పులు లేకుండా, తడిబట్టలతో, దుఃఖంలో ఉండి ఆ మెట్లు ఎక్కుతారు. ఒక వృద్ధురాలు కాలు మోపలేక, కొంగు మడిచి మెట్టుమీద పరచుకొని, దాని మీద ఒక్కొక్క అడుగు వేసుకుంటూ పైకి రావడం నేను చూశాను. ఆమెకు మంచినీళ్ళు ఇవ్వడానికి దగ్గరలో ఒక కుళాయి కూడా లేదు. అయ్యా, ఆ మెట్లకు రంగుదీపాలు తరువాత పెట్టుకోవచ్చు. ముందు వాటిమీద కాలు నిలవాలి.

అందానికి నాటే పొడవాటి పామ్ చెట్లు నీడనివ్వవు. ఏటి ఒడ్డున సహజంగా పెరిగే ఏరుమద్ది, కానుగ, వాటితోపాటు వేప, రావి మొక్కలను గట్టు బలానికి ముప్పు రాని చోట్లు చూసి తొలకరిలోనే నాటించండి, రెండు వేసవులు నీళ్ళు పోయించండి. నాటిన మొక్క 2027 పుష్కరాల నాటికి నీడనివ్వదని మాకూ తెలుసు; 2039 పుష్కరాలకు ఇస్తుంది. అంతవరకు తాటాకు చలువ పందిళ్ళు వేయించండి. ప్రతి రేవు దగ్గర మంచినీటి కుళాయి, తాళం వేయని మరుగుదొడ్డి, మెట్లమీద కాళ్ళు కాలకుండా కొబ్బరిపీచు పట్టాలు పరిచి తడిపే మనిషి ఉండేలా చూడండి. కోట్ల పనుల మధ్య ఇవి పెద్ద ఖర్చులు కావు. హేవలాక్ వంతెనమీద సందర్శకులను నడిపించదలచినా మొదటి ప్రశ్న నీడే అవుతుంది. ఇనుము మధ్యాహ్నపు ఎండలో ఎంత కాగుతుందో తమకు తెలియనిది కాదు.

తమరు ఒక్కసారి, వైశాఖంలో, మధ్యాహ్నం మూడు గంటల వేళ, వాహనం దిగి కోటిలింగాల రేవు మెట్లు ఎక్కి చూడవలసిందిగా చేతులు జోడించి ప్రార్థిస్తున్నాను. నీడ విషయంలో ఏమి నిర్ణయించారో, ఎప్పటిలోగా పని మొదలవుతుందో రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
గోదావరి గట్టుమీద నడిచే ఒక రాజమహేంద్రవరం పౌరుడు