వార్షిక నివేదిక 2024-25: అబ్జర్వేషన్ హోమ్ పిల్లల కోసం మన సంఘం చేసిన పని

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక నేరుగా పనిలోకి వస్తున్నాను.

నేరారోపణ ఎదుర్కొంటున్న పిల్లలను కేసు విచారణ సాగుతుండగా ఉంచే చోటే అబ్జర్వేషన్ హోమ్. పిల్లవాడు హోమ్‌కి వచ్చిన మొదటి పదిహేను రోజుల మీదే ఈ ఏడాది మన శక్తినంతా పెట్టాం. 2015 బాలల న్యాయ చట్టం 12వ సెక్షన్ ప్రకారం కేసు నాన్‌బెయిలబుల్ అయినా సరే, పిల్లలకు బెయిలే నియమం. అయినా వాళ్లు లోపలే ఉండిపోతున్నారంటే చాలాసార్లు కారణం ఈ కేసులు వినే బాలల న్యాయ బోర్డు కాదు, వాయిదాకి ఇంటి నుంచి ఎవరూ రాకపోవడం. కూలి పోతుందని తండ్రి రాడు. బిడ్డ ఏ ఊరి హోమ్‌లో ఉన్నాడో తల్లికి తెలియదు. వచ్చినా చేతిలో కాగితం ఉండదు.

అందుకే సూపరింటెండెంట్ గారి అనుమతితో పిల్లవాడు వచ్చిన రోజే ఇంటికి ఫోన్ చేస్తున్నాం. నంబరు గుర్తులేదంటే ఊళ్లోని ఆశా కార్యకర్త ద్వారా కబురు పంపుతాం. "ఇంటివాళ్లను ఈ నంబరుకు మాట్లాడమనండి" అని తప్ప ఇంకొక్క మాట చెప్పకూడదు. విషయం ఊళ్లో పొక్కితే తిరిగి వెళ్లాక వాడికి బడీ ఉండదు, పనీ ఉండదు. రానూపోనూ బస్సు చార్జీలు సంఘమే ఇస్తోంది.

కాగితాల దగ్గరే ఎక్కువ తేడా వస్తోంది. అందరూ ఆధార్ పట్టుకొస్తారు. వయసు రుజువుకు అదే చట్టం 94వ సెక్షన్ మొదట అడిగేది బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్, అవి లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ జనన ధ్రువపత్రం. ఆధార్ పుట్టినతేదీకి రుజువు కాదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఏదీ దొరక్కపోతే ఎముకల పరీక్షకు పంపుతారు. అందులో రెండేళ్లు అటూఇటూ కావచ్చు. పదిహేడేళ్లవాడు పెద్దవాడిగా తేలితే పెద్దల జైలుకే. కాబట్టి ఎక్కడ ఒకటో తరగతి చదివినా ఆ బడి అడ్మిషన్ రిజిస్టరు నకలు తెప్పించడమే మన మొదటి పని.

బెయిల్ వచ్చినా జామీను ఇచ్చేవారు లేక ఏడు రోజుల్లో బయటికి రాలేకపోతే, షరతులు మార్చడానికి పిల్లవాణ్ని మళ్లీ బోర్డు ముందుకు తేవాలని 12వ సెక్షనే చెబుతోంది. గుర్తుచేసేవారు లేకపోతే ఆ గడువు ఇట్టే జారిపోతుంది. మన రిజిస్టరులో బెయిల్ తేదీ పక్కనే ఏడో రోజు తేదీ ఎర్రసిరాతో రాస్తున్నాం. ఆ ఉదయం ఉచిత న్యాయసాయం అందించే న్యాయ సేవాధికార సంస్థ లాయరు గారికి ఫోన్ వెళ్తుంది.

పిల్లవాడి ఇంటి పరిస్థితులపై ప్రొబేషన్ అధికారి బోర్డుకు ఇచ్చే సామాజిక విచారణ నివేదిక (ఫారం 6) కూడా పదిహేను రోజుల్లోనే రావాలి. ఒక్కరి నెత్తిన ఇన్ని కేసులుంటే ఇంటి గడప తొక్కకుండానే ఫారం 6 నిండుతుంది. "తల్లిదండ్రుల అదుపు లేదు" అన్న ఒక్క ముక్క చాలు, బెయిలుకు అడ్డం పడటానికి. ఈ అధికారుల ఖాళీ పోస్టులు భర్తీ చేయమని రాసిన వినతులకు సంబంధిత కార్యాలయం నుంచి జవాబు లేదు. 2018లోనే సంపూర్ణ బెహూరా కేసులో సుప్రీంకోర్టు ఈ ఖాళీల గురించి గట్టిగా చెప్పింది. ఇంకెవరు చెప్పాలి?

ఆరోగ్యం విషయానికొస్తే, ఇంట్లో ఏ మాత్రలు వేసుకుంటున్నాడో మొదటి రోజే అడుగుతున్నాం. మూర్ఛ మాత్రలు అకస్మాత్తుగా ఆగితే ఫిట్స్ వస్తాయి. గజ్జి మళ్లీమళ్లీ రావడానికి కారణం గోక్కునేవాళ్లకే మందు రాయడం. డాక్టరు గారి సలహాతో డార్మిటరీ మొత్తానికి ఒకే రాత్రి పర్మెత్రిన్ 5 శాతం క్రీము మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల సందుల్లో కూడా రాయించి, పొద్దున స్నానం చేయించాం. వారానికి మళ్లీ అదే. దుప్పట్లు వేడినీళ్లలో ఉతికించాం, ఉతకలేనివి ప్లాస్టిక్ సంచుల్లో మూతి బిగించి మూడు రోజులకు పైగా ఉంచాం.

ఈ ఏడాది మనందరికీ గర్వకారణం ఓపెన్ స్కూల్ పదో తరగతి పరీక్షలు. పద్నాలుగేళ్లు నిండినవాళ్లకు టీసీలు వెతికించి ఫీజులు కట్టాం. దరఖాస్తులో హోమ్ చిరునామా వేయలేదు, సొంత ఊరిదే ఇచ్చాం. రేపు ఏ కాగితం మీదా హోమ్ పేరు కనిపించకూడదు. ఎస్కార్టు పోలీసులు మఫ్టీలో రావాలని ముందే లేఖ పెట్టాం, అలాగే వచ్చారు. ఇస్త్రీ చొక్కాలతో, పరీక్ష అట్టలతో మిగతా పిల్లల మధ్య మన పిల్లలు కూర్చుని రాశారు. లెక్కల్లో తప్పినవాళ్లు ఆ ఒక్క సబ్జెక్టే మళ్లీ రాస్తారు. మధ్యలో విడుదలైనవాళ్లకు హాల్‌టికెట్ ఇంటికే చేర్చిన సభ్యులకు చేతులెత్తి దండం.

జమాఖర్చుల పట్టీ ఆడిటరు సంతకంతో జతచేశాం. ఎక్కువ ఖర్చు బస్సు చార్జీలు, పరీక్ష ఫీజులు, మందులదే. చందా బకాయిలున్నవారు దయచేసి కట్టండి.

ఒక మాట కటువుగానే చెప్పాలి. ఆదివారం ట్యూషన్‌కి పేరిచ్చి రానివారి కోసం పిల్లలు పుస్తకాలు పట్టుకుని హాల్లో ఎదురుచూశారు. ఇంటివాళ్లే రాని పిల్లలకు మనం కూడా రాకపోతే ఎలా? పుట్టినరోజు కేకుతో వచ్చి ఫొటోలు అడిగేవారికీ మనవి: పిల్లల గుర్తింపు బయటపెడితే 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

సూపరింటెండెంట్ గారికి, వంటవారికి, రాత్రి డ్యూటీ సిబ్బందికి, బోర్డు సభ్యులకు, న్యాయ సేవాధికార సంస్థ లాయర్లకు, డాక్టరు గారికి, పాఠాలు చెప్పిన రిటైర్డు మాస్టార్లకు, చీరల కొట్టు పెట్టుకుని కూడా ఫోన్ బృందాన్ని నడిపిన అక్కలకు కృతజ్ఞతలు.

వచ్చే ఏడాది ఫోన్ బృందానికి ఒడియా, హిందీ మాట్లాడేవారు కావాలి. ఇటుక బట్టీల నుంచి వచ్చే పిల్లల ఇళ్లకు మనం చెప్పేది అర్థం కావడం లేదు. పేర్లు ఈ సభలోనే ఇవ్వండి, పోలీసు వెరిఫికేషన్ ఫారాలు బల్ల మీద ఉన్నాయి.

ఇట్లు,
కార్యదర్శి