మన వ్యాన్ వంటలో ఈ నెల నుంచి కొన్ని మార్పులు

అందరికీ నమస్కారం.

డిసెంబరులో మన వ్యాన్‌లో మాతో విశాఖ నుంచి అరకు ట్రిప్పుకి వచ్చిన ఒక కుటుంబానికి రాత్రి పదిన్నర దాటినా అన్నం పెట్టలేకపోయాను. పిల్లలిద్దరూ ఖాళీ కడుపుతో నిద్రపోయారు. వాళ్లకి క్షమాపణ చెప్పి, భోజనం డబ్బులు తిరిగి ఇచ్చేశాం. మన వ్యాన్‌లో వేడివేడిగా వండి పెడతారన్న నమ్మకంతోనే మీరంతా బుక్ చేసుకుంటున్నారు. అందుకే ఆ రాత్రి ఏం జరిగిందో, దాని తర్వాత మేం ఏం మారుస్తున్నామో మీకు దాచకుండా చెప్పాలనుకున్నాను.

ఆ రోజు రాత్రికి అన్నం, రాజ్మా కూర. మన్యంలో పండే రాజ్మా కదా, అక్కడే కొని అక్కడే వండి పెడదామని నాకు ఉబలాటం. మధ్యాహ్నం రెండింటికి నానబోశాను. సాయంత్రం ఆరింటికి కుక్కర్ తీసి చూస్తే మూతకి ఆవిరి పట్టి ఉంచే రబ్బరు గాస్కెట్ లేదు. ముందు రోజు కడిగి మా వంటింటి కిటికీలో ఆరబెట్టి, అక్కడే మర్చిపోయాను. తప్పు పూర్తిగా నాదే. సరే, గిన్నెలోనే ఉడికిద్దామని పొయ్యి మీద పెట్టాను. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది. విశాఖలో 100 డిగ్రీలకి మరిగే నీళ్లు అక్కడ 97 దగ్గరే మరిగిపోతాయి. మంట ఎంత పెంచినా నీళ్లు అంతకన్నా వేడెక్కవు. పైగా నాలుగు గంటలే నానిన గింజలు. తొమ్మిదిన్నరకి ఒక గింజ తీసి వేళ్లతో నొక్కాను. పైతోలు జారిపోయింది, లోపల సుద్దముక్కలా గట్టిగా ఉంది. రాజ్మా సరిగ్గా ఉడక్కపోతే వాంతులు, కడుపునొప్పి పట్టుకుంటాయి. గింజలో సహజంగా ఉండే విషపదార్థం బాగా తెర్లితేనే పోతుంది. పిల్లలున్న ఇంటివాళ్లకి అది వడ్డించడానికి చెయ్యి రాలేదు. గిన్నె మొత్తం పారబోశాను.

లోపలున్న ఒక్క పొయ్యీ మూడున్నర గంటలు దానికే సరిపోయింది. బయట పెట్టుకునే చిన్న డబ్బా గ్యాస్ పొయ్యి మీద అన్నం వండబోతే మంట సన్నబడిపోయింది. ఆ డబ్బాల్లో ఎక్కువగా ఉండేది బ్యూటేన్. చలి పెరిగేకొద్దీ దాని ఒత్తిడి పడిపోతుంది. వెలుగుతున్నంతసేపూ డబ్బా ఇంకా చల్లబడుతుంటుంది కూడా. చేత్తో పట్టుకుంటే మంచుముక్కలా ఉంది.

అప్పుడు వాళ్ల మామ్మగారు లేచి వచ్చి, "అటుకులున్నాయా అమ్మా?" అని అడిగారు. పొద్దున్న ఉప్మాకని తెచ్చినవి అరకిలో ఉన్నాయి. ఆవిడే కడిగి, నీళ్లు పిండేసి, పెరుగు, ఉప్పు, అల్లం ముక్కలు కలిపారు. మూకుడు కూడా అడగలేదు. గరిటెలోనే చెంచాడు నూనె పోసి, ఆ సన్నటి మంట మీద వంచి పట్టుకుని, ఆవాలు చిటపటమనే దాకా ఆగి, ఎండుమిర్చి, కరివేపాకు తుంపి వేసి, గరిటె గరిటెంతా గిన్నెలో ముంచేశారు. పెద్దవాళ్లందరం అదే తిన్నాం. "దారి వంట అంటే ఇంట్లోనే సగం అయిపోవాలి తల్లీ" అన్నారు. ఆ మాట పట్టుకునే మొత్తం వంటని మళ్లీ ఆలోచించాను.

కొండ ఎక్కే ట్రిప్పులకి ఇక నుంచి పదకొండు రకాల మెనూ ఉండదు. నాలుగే ఉంటాయి: పప్పన్నం, ఒక కూర, చారు, పెరుగు. మన వంటగట్టు మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. కత్తిపీట పెడితే గిన్నెకి చోటుండదు. అందుకే కూరలు పొద్దున్నే ఎంవీపీ కాలనీ రైతు బజారులో కొని, ఇంట్లో తరిగి, తడి లేకుండా డబ్బాల్లో సర్దుతాను. చింతపండు పులుసు, అల్లంవెల్లుల్లి ముద్ద ఇంట్లోనే సిద్ధం. కొబ్బరి తురిమి గడ్డకట్టించి పెరుగు పక్కన పెడితే, వంటలోకి వచ్చేదాకా అదే పెరుగుని చల్లగా ఉంచుతుంది. వంట మాత్రం మీ కళ్ల ముందే. ముందు రోజు వండింది వేడి చేసి పెట్టడం మా దగ్గర ఉండదు.

కందిపప్పు బయలుదేరేటప్పుడే మూత బిగించిన డబ్బాలో నానబోస్తాను. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కేసరికి బాగా నానిపోతుంది. కింద పప్పు, పైన బియ్యం, ఆ పైన దుంపలు, మూడు గిన్నెలూ ఒకే కుక్కర్లో. మూడు విజిల్స్ రాగానే దించి, పాత దుప్పటి చుట్టి పక్కన పెట్టేస్తాను. లోపలి వేడికి మిగతాది మగ్గుతుంది, ఈలోగా పొయ్యి మీద చారు కాగుతుంది. పోయినవారం మా ఆయనా నేనూ అనంతగిరి దగ్గర ఆపి వండి చూసుకున్నాం. ఒక్క పొయ్యి మీద ఆరుగురికి సరిపడా వంట గంటలోపే అయింది.

చేపలు కొండకి తీసుకెళ్లం. ఐసు కరిగాక చేపని నమ్మలేం. భీమిలి ట్రిప్పుకైతే తెల్లవారుజామునే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి వంజరమో, చందువానో తెచ్చి మధ్యాహ్నానికి పులుసు పెట్టేస్తాను. రాత్రికి మిగల్చను. బజ్జీలు, వేపుళ్లు అడుగుతుంటారు, నాకూ ఇష్టమే. కానీ అంత ఇరుకులో కాగే నూనె మూకుడు పెట్టే ధైర్యం నేను చేయను.

ఇండక్షన్ స్టవ్ పెట్టొచ్చుగా అని చాలామంది అడిగారు. మన బ్యాటరీ 12 వోల్టులు, 100 ఆంపియర్ అవర్లు. అంటే నిండా ఉన్నా 1,200 వాట్ అవర్లు. 1,500 వాట్ల స్టవ్ పెడితే గంట కూడా రాదు, తర్వాత లైట్లూ ఫ్యానూ ఉండవు. అందుకే ఐదు కిలోల సిలిండరే మనకి గతి. వంటగ్యాస్ గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, నేల మీదే పరుచుకుంటుంది. అందుకని గ్యాస్ అలారం నేలకి దగ్గరగా బిగించాం, కింద గాలి పోయే కంతలు పెట్టించాం. దయచేసి మీ సంచులు వాటికి అడ్డం పెట్టకండి.

ఇంకొక మాట, దీన్ని కొంచెం గట్టిగానే చెబుతున్నాను. లంబసింగిలో చలికి తట్టుకోలేక పొయ్యి వెలిగించి తలుపులు మూసుకుందామని ఎవరు అడిగినా ఒప్పుకోను. మూసిన బండిలో పొయ్యి మండితే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఎంత డబ్బు ఇస్తానన్నా ఆ పని చేయను. రగ్గులు మనిషికి రెండేసి ఇస్తాను, పడుకునే ముందు వేడినీళ్ల సంచులూ ఇస్తాను. వంట కూడా బండి ఆపి, పక్క తలుపు తీసి ఉంచాకే.

నీళ్లు 20 లీటర్ల క్యాన్లు రెండే మోయగలం. గిన్నెలు కడగడానికే ఒక క్యాను అయిపోయేది. ఇప్పుడు కంచాలు మానేసి, మన్యంలో కుట్టే అడ్డాకుల విస్తర్లు తీసుకుంటున్నాం. తిన్నాక ఆకులన్నీ ఒక సంచిలో వేసి వెనక్కి తెచ్చేస్తాం, అక్కడ పారేయం.

మెనూ తగ్గింది కాబట్టి భోజనాల ధర కూడా మనిషికి రోజుకి 750 నుంచి 650కి తగ్గించాం. ముందే 750 కట్టినవాళ్లకి తేడా ట్రిప్పు రోజున చేతికిస్తాం.

గాస్కెట్లు ఇప్పుడు రెండు. ఒకటి కుక్కర్ మూతలో, రెండోది డ్రైవర్ సీటు వెనక మేకుకి వేలాడుతుంటుంది. దాని పక్కనే మామ్మగారి అటుకుల డబ్బా. శనివారం ట్రిప్పులకి వచ్చేవాళ్లు గురువారం రాత్రిలోగా ఎంతమందో, పిల్లలు ఎంతమందో, కారం ఎంత తింటారో చెప్పండి. ఆ లెక్కకే రైతు బజారులో కూరలు కొంటాను.