కింది మడి వైన్ ఇక కొన్నేళ్లు ఉండదు

ముందుగా అసలు సంగతి. ఈ ఏడాది మా దగ్గర కింది మడి ఎర్ర వైన్ లేదు. వచ్చే ఏడాదీ ఉండదు, ఆ పైన ఇంకొన్నాళ్లూ ఉండదు. ఆ మడిలో తాతగారు నాటిన ద్రాక్ష తీగలన్నీ తీసేస్తున్నాం. మా రెండో మడి అయిన పై వాలు వైన్ ఎప్పట్లాగే వస్తుంది, కాకపోతే సీసాలు తక్కువ.

అంత పాత తీగల్ని పీకడానికి మనసెలా ఒప్పిందని కొందరు అడిగారు. ఒప్పలేదు, తప్పలేదు. మొదళ్లలో శిలీంధ్రం చేరింది. కత్తిరింపు గాయాల్లోంచి దిగి, ఏళ్ల తరబడి కట్టెను లోలోపలే తినేస్తుంది. మన కంటపడేసరికి సగం తీగ ఎండిపోయి ఉంటుంది. ఆకుల మీది బూజు తెగులుకైతే మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం ఉంది, 1880ల నుంచి ద్రాక్ష రైతులు కొడుతున్నదే. కాండం లోపలి జబ్బును ఆ పిచికారీ ఏమీ చేయలేదు. చచ్చిన భాగం కోసేసి, కింద నుంచి కొత్త చిగురు లేపుకుంటూ ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాం. ఇప్పుడు వరసల్లో తీగలకంటే ఖాళీలే ఎక్కువ.

లేబుల్ మీద మూడు తరాల కుటుంబమని రాసుకున్నాం. నిజమే గానీ, ఇంట్లో దాచుకున్న రహస్యమేదో ఉందనుకోకండి. చక్కెరను ఆల్కహాల్ చేసేది ఈస్ట్. మా పని చాలావరకు దానికి అడ్డు రాకపోవడం. తాతగారి నుంచి దక్కిందల్లా ఏ మడి నీళ్లను ఎంతసేపు పట్టుకుంటుందన్న ఎరుక. వాన వెలిసిన మర్నాడే పై వాలులో హాయిగా తిరగొచ్చు. కింద కాలు పెడితే బంకమన్ను చెప్పును వదలదు.

రుచి చూడ్డానికి వచ్చినవాళ్లు ‘సున్నపురాయి రుచి తెలుస్తోందండీ’ అంటే నాకు కాస్త ఇబ్బందే. రాయి రుచి వేళ్లగుండా పండులోకి ఎక్కదు. నేల ప్రభావమంతా ముఖ్యంగా నీళ్ల దగ్గరే ఉంది. పై వాలులో మట్టి పలచన, దాని అడుగున సున్నపురాయి. నీరు త్వరగా దిగిపోతుంది, తీగ ఆకు మీద పెట్టే బలం తగ్గుతుంది, పండు చిన్నదిగా ఉండిపోతుంది. నల్లద్రాక్షలో చాలా రకాలకు రసం రంగులేనిదే. ఎరుపూ వగరూ ఎక్కువగా తొక్కలోంచే వస్తాయి. పండు చిన్నదైతే రసానికి తొక్క ఎక్కువ పడుతుంది. పై వాలు వైన్ చిక్కదనమూ మొండితనమూ అక్కడివే. కింద బంకమన్ను తేమను దాచుకుంటుంది, పండు లావెక్కుతుంది, వైన్ మెత్తగా దిగుతుంది. వానలు ముఖం చాటేసిన ఏడాది మాత్రం పైన తీగలు వాడిపోతుంటే, కింది మడే మమ్మల్ని గట్టెక్కించేది.

నాన్న రెండు మడుల పంటనూ కలిపేసేవారు. విడివిడిగా సీసాల్లోకి ఎక్కించడం నేను మొదలుపెట్టాను. మా మేనత్త ఇప్పటికీ ఒప్పుకోదు. కలిస్తేనే మన వైన్ అంటుంది. పై వాలు వైన్ ఒంటరిగా తాగిన ప్రతిసారీ ఆవిడ మాట కొట్టిపారేయలేకపోతున్నాను. అయినా ఆ మెత్తదనం కోసం బయట పళ్లు కొని కలపం.

కొత్తగా నాటేవి అంటు మొక్కలు. 19వ శతాబ్దం రెండో సగంలో ఫిలోక్సెరా అనే వేరు పురుగు యూరప్ తోటల్ని నాశనం చేశాక, దాన్ని తట్టుకునే అమెరికా జాతి వేరుమూలాల మీద అంటు కట్టడమే చాలాచోట్ల ఆనవాయితీ అయింది. మిగిలిన పాత తీగల్లో ఆరోగ్యంగా ఉన్నవాటి కొమ్మల్నే పరీక్ష చేయించి నర్సరీకి ఇచ్చాం. ముందు నేలకు కొంత విశ్రాంతి, తర్వాత నాట్లు. నాటిన మూడో ఏడు కాస్త కాపు రావచ్చు. లేత తీగల పంటకు పాత రుచి వస్తుందని మాత్రం మాటివ్వను.

పై వాలు సీసాలు ఈసారి పాత ఖాతాదారులకే ముందు, ఇంటికి ఇన్నని లెక్కపెట్టి ఇస్తాం. కొని వెంటనే తీస్తే వగరు కొడుతుంది, కొన్నేళ్లు పడుకోబెట్టండి. మీ ఇంట్లో కింది మడి సీసాలుంటే దాచొద్దు. అది నిలవకు తగ్గ వైన్ కాదు, త్వరగా తాగేయండి.